సర్జాకు పెట్టిన బెల్లం ముద్ద

పందెం ఓడితే సర్జాను ఇచ్చేస్తానని మొండయ్య అన్నది మందు తాగి కాదు, చాయ్ తాగుతూ. అదే చిక్కు. తాగి అన్న మాటను ఊరు మరిచిపోతుంది. ఇది గోండ్‌పిప్రి బస్టాండు హోటల్లో, నలుగురూ వింటుండగా, ఎరువుల దుకాణం ధనరాజ్ సేట్ మీసం దువ్వుతుంటే తట్టుకోలేక అన్న మాట. శంకర్‌పట్ ఎడ్ల పందెంలో సేట్ జోడీ ఇంతవరకూ ఓడలేదు. మొండయ్య ఎద్దు సర్జా బలమైనదే గానీ, సగం దూరం పోయాక పెళ్లికి వచ్చిన వియ్యంకుడిలా నడుస్తుంది. దాని జతగాడు దాన్ని చూసి అదే నేర్చుకున్నాడు.

పందెం ముందు రోజు నాగ్‌పూర్ నుంచి మేనల్లుడు ఆదర్శ్ దిగాడు. అక్కడ ఏదో ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నాడు. జేబులో తెల్లపొడి పొట్లం. ఒంట్లోని ప్రతి కణంలోనూ ఎ.ఎం.పి.కె. అనే ఎంజైమ్ ఉంటుందని, శక్తి తగ్గగానే అది మేలుకొని చక్కెరను లాక్కో, కొవ్వును కాల్చు అని కణాన్ని తరుముతుందని చెప్పాడు. ఈ పొడి, శక్తి తగ్గకపోయినా దాన్ని లేపుతుంది. ఇది తిన్న ఎలుకలు ఏ కసరత్తూ లేకుండానే ఎక్కువ దూరం ఉరికాయట.

"అంటే కడుపు నిండుగున్నా ఉపాసమున్నవని నమ్మిస్తది," అన్నాడు మొండయ్య.

"గట్లనే మామా."

"అబద్ధమాడుడే గదా. ఎలక్షన్లల్ల మనుషులకే నడుస్తది, ఎద్దుకు నడువదా?"

పొద్దున్నే పొట్లం మొత్తం బెల్లం కలిపిన పిండిముద్దలో పడింది. ఒక్కటే అడ్డు. వెనకెప్పుడో ఎవరో ఎదుటివాడి ఎద్దుకు విషం పెట్టారని నింద వచ్చినప్పటి నుంచి అక్కడొక ఆచారం ఉంది. ఎద్దుకు పెట్టే ముద్దను ముందు ఎదుటి జోడీ యజమాని కొరకాలి. అందరూ గోటితో గిల్లి నాలుకకు అంటించుకుంటారు. ఆ మాత్రానికి సేట్‌కు ఏమీ కాదని మామా అల్లుళ్లు ధైర్యం చెప్పుకున్నారు.

సేట్‌కు షుగర్ ఉందని, ఆయన ఇంట్లో బెల్లం డబ్బాకు భార్య తాళం వేస్తుందని వాళ్లకు తెలియదు.

పందెం కమిటీ ముందు సేట్ ముద్దను కొరికి, కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కొరికాడు. విషం లోపల దాచి ఉండొచ్చని చెప్పి మధ్యలోంచి ఇంకోసారి కొరికాడు. మొండయ్య ఆపమంటే ఎందుకని అడుగుతాడు. చివరికి నిమ్మకాయంత మిగిలింది. సర్జా దాన్ని వాసన చూసి, తల తిప్పుకొని, కింద పడేసి గిట్టతో తొక్కింది.

ముఖ్య అతిథి ఆలస్యం కావడంతో పందెం మధ్యాహ్నానికి జరిగింది. గెలుపు కోసం ఉపవాసమున్న సేట్ అప్పటిదాకా ఆచారం పేరుతో కొరికిన ఆ ముద్ద, షుగర్ గోలీ తప్ప ఇంకేమీ ముట్టలేదు.

జెండా ఊగింది. సేట్ స్వయంగా తోలే జోడీ ఎప్పటిలాగే దూసుకుపోయింది. సగం దూరంలో సేట్ చేతులు వణికాయి, చెమట కారింది. అప్పుడే ఎడమవైపు మిఠాయి బండి మీద కళాయిలోంచి జిలేబీ తీస్తున్నారు. ఆయన ఎడమ పగ్గం లాగాడు. అవి బాగా తరిఫీదైన ఎడ్లు. తిన్నగా వెళ్లి జిలేబీ బండి ముందు ఆగాయి. సర్జా వియ్యంకుడి నడకతోనే గీత దాటింది.

సేట్ తన ఎడ్లబండిలోంచి జారి కూలబడ్డాడు. ఎవరో గుండెపోటన్నారు. షుగర్ మనిషికి తీపి పెట్టొద్దని ఇంకెవరో అరిచారు. అది పొడి పనేనని ఆదర్శ్‌కు అర్థమైంది. నిజం చెబితే సర్జా పోతుంది. అతను నోరు తెరిచేలోపే మొండయ్య జిలేబీ అందుకొని సేట్ నోట్లో కుక్కాడు.

"తిను సేటూ. నా ముద్దల మందుండె. నీ ఒంట్ల చక్కెర పడిపోయింది."

సేట్ నమిలాడు, ఇంకోటి అడిగాడు, కాసేపటికి లేచి కూర్చుని సర్జా తనదేనన్నాడు. మందు తిన్న జోడీ ఓడినట్టేనని కమిటీ రూలు. కమిటీ పెద్దమనిషి ఎల్లన్న ముద్దను వెతికించాడు. అది దుమ్ములో, గిట్ట ముద్రతో, అలాగే దొరికింది.

"సర్జా ముట్టలేదు," అన్నాడు ఎల్లన్న. "మందు తిని పందెంల దిగింది నువ్వే సేటూ. ఓడింది నీ జోడీ."

సేట్ కాసేపు గొణిగాడు. తర్వాత ఆదర్శ్‌ను పక్కకు పిలిచి, ఈ పొడికి జిల్లా ఏజెన్సీ ఎవరిస్తారని అడిగాడు.

ఈలోగా సర్జా మిఠాయి బండి మీదికి మెడ చాచి జిలేబీ పళ్లెం ఖాళీ చేసింది. మొండయ్య అడ్డుకోలేదు. ఆ జిలేబీని ముందుగా ఎవరైనా కొరికారో లేదో కూడా చూడలేదు.