చోటు చాలని పేరు

పులిహోరకి నిమ్మకాయలు పిండుతుండగా షారోన్ ఫోను టింగుమంది. చేతి నిండా పసుపు. మోచేత్తో ఫోన్ని దగ్గరికి జరుపుకుని చూస్తే అన్నయ్య ప్రభు ఫోటో పంపాడు. నిగనిగలాడే నల్ల గ్రానైటు రాయి, దాని మీద బంగారు రంగు అక్షరాలు, కింద ‘బాగుందా?’ అని ఒక ముక్క. అమ్మ సమాధికి మార్టూరులో చేయిస్తున్న రాయి అది. అమ్మ పోయి ఐదేళ్లయినా ఇన్నాళ్లూ సిమెంటు దిమ్మే. రాయి వేయిద్దామని ఏడాదిగా పోరు పెట్టింది షారోనే. వచ్చే వారం సమాధుల పండుగ నాటికి పెట్టించేస్తానని అన్నయ్య మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. బాగుందా అని అడిగితే బాగుందనక ఏమంటాం. పసుపు వేలితోనే బొటనవేలి బొమ్మ నొక్కేసి, మళ్లీ అన్నం కలపడంలో పడిపోయింది. తెర మీద పసుపు మరక అలాగే ఉండిపోయింది.

రోము నగరానికొచ్చినా పులిహోర మాత్రం తప్పలేదు. సివిల్ ఇంజనీరింగ్ అయ్యాక, పాత కట్టడాలను కాపాడే చదువు కోసం స్కాలర్‌షిప్ మీద వచ్చింది షారోన్. పై అంతస్తులో ఉండే మార్క్, రసూల్ కూడా అదే క్లాసు. ఒకడిది ఒంగోలు, ఇంకొకడిది నరసరావుపేట. వంట షారోన్ పని అని ఎవరూ తీర్మానం చేయలేదు. “అక్కా, సరుకులు మేం తెస్తాం, నువ్వు తాలింపెయ్యి చాలు” అన్నారు మొదటి వారంలో. ఆ తాలింపు కింద అన్నం, పప్పు, గిన్నెలు, పొయ్యి తుడవడం కూడా ఉంటాయని వాళ్లకి తట్టలేదు. మంచి పిల్లలే. తిన్న ప్లేటు సింకులో పడేసి థాంక్స్ అక్కా అంటారు. అమ్మ పోయాక నాన్న, అన్నయ్య ఆ మాత్రం కూడా అనలేదు. అప్పుడు షారోన్ చదువు రెండేళ్లు ఆగింది. “మగాళ్లం ఇద్దరం ఉన్నాం, ఇంట్లో పొయ్యి వెలగాలిగా. రెండేళ్లాగితే కొంపేం మునుగుద్ది?” అన్నాడు నాన్న. కొంప మునగలేదు. షారోన్ మాత్రం ఇప్పుడు క్లాసులో అందరికన్నా పెద్దదై, అందరికీ అక్క అయింది.

ఆ రోజు క్లాసంతా కలిసి నగరం బయటున్న శిథిలాలకు వెళ్లారు. ఒకప్పటి రేవు పట్నం అది. షారోన్ పెద్ద పెద్ద గుళ్లు, పాలరాతి స్తంభాలు ఊహించుకుంది. అవీ ఉన్నాయి గానీ, ఎక్కువగా కనిపించినవి ఇటుక గోడల ఇళ్లు, పూటకూళ్ల అంగళ్లు, బట్టలుతికే తొట్లు, నడుమెత్తు తిరగళ్లు. రెండు వేల ఏళ్ల కింద ఎవరో నిలబడి, ఎవరి బట్టలో తొక్కి ఉతికిన తొట్టి. అంచు మీద చెయ్యేసి నిలబడితే షారోన్‌కి కదలబుద్ధి కాలేదు. రాజుల పేర్లు పరీక్ష కోసం బట్టీ పట్టింది గానీ, ఈ తొట్టి దగ్గర బట్టీ పట్టాల్సిందేమీ లేదు. చూడగానే నడుము నొప్పి తెలిసిపోతోంది. అయినా ఆ ఉదయం ఆమెకి హాయిగానే ఉంది. ఎండ పల్చగా ఉంది, దూరం నుంచి ఉప్పుగాలి తమవైపు వాడరేవు తీరంలో లాగే వస్తోంది, బయల్దేరినప్పట్నుంచీ ఎవరూ ఏదీ చేసిపెట్టమని అడగలేదు.

పట్నం గుమ్మం దాటాక రోడ్డుకి రెండు పక్కలా సమాధులు. ప్రొఫెసర్ పొట్టిగా, గట్టి గొంతుతో ఉండే ఇటలీ ఆవిడ. ఒక పెద్దింటివాళ్ల సమాధి ముందు ఆగి చెప్పింది. ఆ కాలంలో గొప్పింటి ఆడపిల్లలకి సొంత పేరంటూ ఉండేది కాదట. తండ్రి వంశం పేరునే ఆడపేరుగా మార్చి పిలిచేవాళ్లట. ఇద్దరు కూతుళ్లుంటే ఇద్దరిదీ అదే పేరు, గుర్తు కోసం పెద్దది, చిన్నది అని తగిలించేవాళ్లట.

“మనోళ్లే నయం అక్కా” అన్నాడు మార్క్ తెలుగులో. “కనీసం పేరన్నా పెడతారు.”

షారోన్ నవ్వింది. గట్టిగానే నవ్వింది.

ఆ పక్కనే ఒక చిన్న సమాధి, గుమ్మానికి పైన ఒక రాయి. మీరే చదవండి అంది ప్రొఫెసర్. షారోన్ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. ఎలిమెంటరీ స్కూలు మాష్టారి కూతురికి కూడబలుక్కోవడం కొత్త కాదు. నాన్న డిక్టేషన్ చెప్పేటప్పుడు పిల్లల్ని వెంటనే బలపం పట్టుకోనిచ్చేవాడు కాదు. “ముందు పలుకు, తర్వాత రాయి. పలకటం వస్తే రాయటం అదే వస్తది” అనేవాడు. షారోన్ పెదాల మీద పలికి చూసుకుంది. ఫెలిక్యులా.

బానిసగా పుట్టి విడుదలైన మనిషట. ఆ పేరుకి పిల్లికూన అని అర్థం. ఏ యజమానో కుక్కపిల్లకి పెట్టినట్టు పెట్టి ఉంటాడు. తర్వాత కూరగాయలమ్ముకుని బతికింది, ఈ సమాధి కట్టించింది. రాతి పైన ఉన్న రెండక్షరాలకి, బతికుండగానే చేయించింది అని అర్థమంది ప్రొఫెసర్. మొదటి వరసలో పెద్దక్షరాలతో ఆమె పేరు. దాని కింద భర్త పేరు.

“జనం నవ్వి ఉండరా, పిల్లికూన అంటే?” అని అడిగాడు రసూల్.

“నవ్వే ఉంటారు” అంది ప్రొఫెసర్. “కానీ రాయి ఆమెది.”

మధ్యాహ్నం చెట్ల కింద పులిహోర డబ్బా తెరిచారు. షారోన్ మిగతా క్లాసువాళ్లకి కూడా పంచింది. చివరికి తను కూర్చుని, ఆ పిల్లికూన రాయిని అన్నయ్యకి చూపిద్దామని ఫోను తీసింది. తెర మీద పొద్దున్నటి పసుపు మరక. చున్నీ అంచుతో తుడిచింది. మరక కింద నుంచి అక్షరాలు బయటికొచ్చాయి.

ప్రభువునందు నిద్రించిన, జక్రయ్య మాష్టారి సతీమణి, ప్రభు, షారోన్‌ల మాతృమూర్తి. ఆ కింద మంచి భార్యని మెచ్చుకునే వాక్యం. పుట్టిన తేదీ, పోయిన తేదీ. అట్టడుగున, వేయించినవారు కుమారుడు ప్రభు.

ఇంకోసారి చదివింది. వేళ్లతో పెద్దది చేసి, మూలమూలకీ జరిపి చూసింది. రాయి ఇంకా ఎక్కడో ఉన్నట్టు తెర అంచు దాకా లాగింది. లేదు. నాన్న పేరుంది, అన్నయ్య పేరు రెండుసార్లుంది, తన పేరుంది. కింద పడుకున్న మనిషి పేరు లేదు. పొద్దున్న తను దీనికే బాగుందని చెప్పింది. ఇందాక మార్క్ మనోళ్లే నయమంటే అంత గట్టిగా నవ్వింది.

అమ్మ పేరు పిచ్చమ్మ. చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లల్లో ఆ తరంలో ఇంటికొకరు ఉండే పేరే. నాన్న టీచర్ ట్రైనింగుకి వెళ్లినన్నాళ్లూ అమ్మ కల్లాల్లో ఎండుమిరపకాయల తొడిమలు తీసి ఇల్లు నడిపింది. సాయంత్రం చేతులు మంటెత్తితే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. కల్లంలో ఆడవాళ్లందరూ “పిచ్చక్కా” అని కేకేస్తే అమ్మ నవ్వుతూ పలికేది. ఇంట్లో నాన్న ఏమే అనేవాడు. బజార్లో మాష్టారి భార్య. నాన్నకి ఉద్యోగమొచ్చాక పిచ్చమ్మ అన్న పేరు ఆయనకి నామోషీ అయింది. షారోన్‌ని హైస్కూల్లో వేసినప్పుడు తల్లి పేరు అడిగితే నాన్న తడుముకోకుండా గ్రేస్ అన్నాడు. పక్కనే నిలబడ్డ అమ్మ, గ్రేస్ ఎవరా అన్నట్టు తలెత్తి, అంతలోనే అర్థమై, కొంగు సర్దుకుని నేల చూసింది. అప్పట్నుంచి సర్టిఫికెట్లలో గ్రేస్, పాస్‌పోర్టులో గ్రేస్, ఈ ఊరి కాలేజీలో కూడా గ్రేస్. ఆ పేరుతో పిలిస్తే ఒక్కసారి కూడా పలకని మనిషిని షారోన్ అన్ని దేశాల కాగితాల మీదా అదే పేరుతో రాసుకుంటూ వచ్చింది.

డబ్బా మూత పెట్టి, లేచి పక్కకెళ్లి ఫోన్ చేసింది. అన్నయ్య నాన్నతో కలిసి మార్టూరులోనే, రాయి చెక్కే చోట ఉన్నాడు. వెనకాల రాళ్లు కోసే మిషను మోత.

“అన్నయ్యా, రాయి మీద అమ్మ పేరేదీ?”

“ఉందిగా. జక్రయ్య మాష్టారి సతీమణి అని.”

“అది నాన్న పేరు.”

“సతీమణి అంటే అమ్మ కాక ఇంకెవరే? మనూళ్లో అందరి రాళ్లూ అట్టాగే ఉంటయ్. పొద్దున నువ్వే బాగుందన్నావ్ గదా. అయినా చోటెక్కడుంది? వాక్యం రావాల, తేదీలు రావాల, వేయించినోళ్ల పేరు రావాల.”

అన్నిటికీ చోటుందన్నమాట. ఫోను చేతులు మారింది. నాన్న.

“షారోనూ, మీ అమ్మ పేరు చెప్పుకునే మనిషి కాదమ్మా” అన్నాడు నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు. “పండక్కి నా దగ్గర చదువుకున్న పిల్లలంతా వస్తారు పూలు పెట్టటానికి. ఆ పేరు చూస్తే నవ్వుతారు. మీ అమ్మ పరువే పోద్ది.”

“నవ్వనీ నాన్నా.”

“ఏడవబాకే ఇప్పుడు” అని మళ్లీ అన్నయ్య అందుకున్నాడు. నిజానికి షారోన్ ఏడవడం లేదు. “సర్లే, ఒక పని చేద్దాం. మూడో లైన్లో నీ పేరు పూడిపిచ్చి, అక్కడ గ్రేస్ అని చెక్కిస్తాలే. సరేనా?”

షారోన్ ఫోను చెవి మీద నుంచి తీసి ఒకసారి దానికేసి చూసింది. అన్నయ్య చెడ్డవాడు కాదు. చెల్లెలు బాధపడుతోందని నిజంగానే ఒక దారి వెతికాడు. ఒక ఆడమనిషికి చోటు కావాలంటే ఇంకో ఆడమనిషిని చెరిపేస్తే సరిపోతుందని ఎంత సులువుగా తోచిందో. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో జరిగింది అదేనని, అమ్మ నిలబడ్డ చోట తను నిలబడి పొయ్యి వెలిగించడం కూడా అదేనని, పరాయి దేశంలో, పరాయి సమాధుల మధ్య ఆమెకి తెలిసింది.

“రాయి తిరగేయించు” అంది.

“ఏందీ?”

“వెనక పక్క ఖాళీగానే ఉంటది గదా. దాని మీద చెక్కించు. అమ్మ పేరు. పిచ్చమ్మ.”

“వెనక నున్నగా ఉండదే. గరుకు.”

“గరుకు మీదే చెక్కమను.”

“పిచ్చమ్మ, ఎవరి భార్య అని రాయాల?”

“ఎవరి భార్యా కాదు. పిచ్చమ్మ. అంతే. పెద్దక్షరాలతో. నువ్వు చేయించకపోతే పండక్కి నేనొస్తా, నేనే చేయిస్తా.”

మిషను మోత ఆగింది. ఫోన్ మళ్లీ నాన్న చేతికి వెళ్లినట్టుంది. ఇటు చెట్ల కింద నుంచి మార్క్ కేకేశాడు. “అక్కా, ఇంకాస్త పులిహోర పెట్టవా?” షారోన్ డబ్బా ఉన్న వైపు చెయ్యి చూపించి, పెట్టుకోమన్నట్టు సైగ చేసింది. వాడు అర్థం కానట్టు కాసేపు చూసి, లేచి తనే పెట్టుకున్నాడు.

“అమ్మాయ్” అన్నాడు నాన్న. గొంతు మారింది. పాఠం చెప్పే గొంతు కాదు అది. “రాయిస్తాలే. ఇక్కడ పనివాడు కాగితం మీద రాసిమ్మంటున్నాడు. ఆ పేరు... చకి ఎత్వం ఇయ్యాలా, అక్కర్లేదా? నేనెప్పుడూ రాయలేదే.”

ఊళ్లో ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందరికీ ఒత్తులూ దీర్ఘాలూ దిద్దిన మనిషి. సున్నా తప్పు రాస్తే వేళ్ల ముణుకుల మీద కొట్టిన మనిషి. అమ్మతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి. ఎత్వం ఉందో లేదో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడు ఇంకోటి తట్టింది. ఇప్పటిదాకా ఆయన ‘ఆ పేరు’ అనే అన్నాడు తప్ప, పేరు అనలేదు. ఈ ఫోన్లోనే కాదు. తనకి బుద్ధి తెలిసినప్పట్నుంచి నాన్న నోట ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు.

“ముందు పలుకు నాన్నా” అంది షారోన్. “తర్వాత రాద్దువు.”