దిష్టిబొమ్మ బిగించిన పొక్లెయిన్

సీతారామపురం దాటాక ఓ పల్లె చెరువులో పూడికమట్టి తీస్తున్న మాల్యాద్రి పొక్లెయిన్ నడిమధ్యలో ఆగిపోయింది. ఇంజిను తిరుగుతోంది గానీ లివర్లు లాగితే బకెట్టు లేవదు, చైన్లు కదలవు. స్క్రీను మీద ‘కమ్యూనికేషన్ ఎర్రర్’ అని ఎర్రగా వెలుగుతోంది. ఆగితే ఆగింది, అది దానికి అలవాటే. కానీ పొద్దుటినుంచీ కొండల్లో వాన దంచేస్తోంది. వాగు బయల్దేరిందని పైఊరి వాళ్లు ఫోన్ చేశారు. సాయంత్రానికి చెరువులో నీళ్లు నిలిస్తే బండి మునుగుతుంది. మునిగిందంటే ఇక దాన్ని పాత ఇనుము వాళ్లు కూడా ముట్టరు.

దీనికి వైద్యం తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే. ఆత్మకూరులో షెడ్డు పెట్టుకున్న బావమరిది హరి. ల్యాప్‌టాప్, మీటరు సంచిలో వేసుకుని ఊరూరా తిరుగుతాడు. చిక్కేమిటంటే, ఉగాదికి ముందు మాల్యాద్రి ఈ సెకండ్‌హ్యాండ్ బండిని హరికి మాటమాత్రం చెప్పకుండా కొన్నాడు. చూపిస్తే వంద వంకలు పెడతాడని భయం. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మాల్యాద్రి భార్యకు ఫోన్ చేశాడు. “మీ తమ్ముణ్ణి కాస్త రమ్మనరాదూ.”

“నీ బండి, నీ నోరు. నువ్వే మాట్లాడుకో,” అని పెట్టేసింది ప్రసన్నకుమారి. మహాతల్లి!

ఇక తప్పదని గొంతు సవరించుకుని చేశాడు. “హరీ, యాడుండావు?”

“ఉదయగిరిలో పనుండి వచ్చినాను. ఏంది బావా, ఇన్నాళ్లకు గుర్తొచ్చినానా?”

“బండి చెరువులో ఆగిపోయింది. వాగొస్తా ఉండాది.”

“వస్తా ఉండా. దేన్నీ పీకబాకు.”

హరి బైకును కట్ట మీద వదిలేసి, సంచి నెత్తిన పెట్టుకుని బురదలో నడిచొచ్చాడు. బండి ఎక్కి చూస్తే, ఎమర్జెన్సీ స్విచ్ ఉండాల్సిన చోట ఒట్టి కన్నం ఉంది.

“స్విచ్చి ఏది?”

“కొన్నప్పుడే లేదు.”

“ఆహా! ఏం బండి కొన్నావు బావా!”

మాల్యాద్రికి ఒళ్లు మండింది. అయినా సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి అందించాడు. అవసరం అలాంటిది మరి.

ల్యాప్‌టాప్ తగిలిస్తే ఒక్క కంట్రోలరూ పలకలేదు. హరి బ్యాటరీ వైరు తీసేసి మీటరు పెట్టాడు. “ఇంజిను పెట్టె, పంపు పెట్టె, స్క్రీను, అన్నీ ఈ రెండు వైర్ల మీదే మాట్లాడుకుంటాయి బావా. మీటరు అరవై ఓములు చూపియ్యాల. సున్నా చూపిస్తా ఉండాది. అంటే రెండు వైర్లూ యాడో ఒకదానికొకటి అంటుకున్నాయి.” పెట్టెల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకి చూశాడు. అన్నీ పీకినా సున్నాయే. “పెట్టెలు బంగారంలా ఉండాయి. దెబ్బ వైర్లోనే.”

ఆ వైర్లేమో ఇంజిను దగ్గర్నుంచి క్యాబిన్ దాకా రేకుల సందుల్లో దూరి పోయాయి. అన్నీ విప్పాలంటే ఒక రోజు పని. ఈలోగా చెరువు ఆ మూల నీళ్లు తళతళమన్నాయి. మట్టి తోలే ట్రాక్టర్లు ఎప్పుడో కట్టెక్కేశాయి.

“ఇంతకుముందు కూడా ఆగిందా బావా?”

“ఆగేది. మళ్లీ నడిచేది.”

“ఏం చేస్తే నడిచేది?”

“ఏం చేసేది... ఊరికే నడిచేది.”

“ఊరికే ఎట్టా నడస్తాది నాయనా!” అని హరి ఇంజిను వైపు బోల్టులు విప్పసాగాడు. నీళ్లు చైన్లను తాకాయి. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే బండి పోతుంది.

“ఒరే హరీ! ఆగినప్పుడల్లా దిష్టిబొమ్మ స్క్రూ ఒక చుట్టు బిగించేవాణ్ణి. బిగించంగానే నడిచేది. ఇయ్యాల ఎంత బిగించినా నడవలా.”

హరి చేతిలో పానా ఆగిపోయింది. “ఏ బొమ్మ?”

క్యాబిన్ వెనక రేకుకి, కోరలతో, వేలాడే ఎర్ర నాలుకతో ఉంది బొమ్మ. ఊడిపడకూడదని మాల్యాద్రి ఇంట్లో ఉన్నవాటిల్లోకెల్లా పొడుగాటి స్క్రూ ఏరి మరీ బిగించాడు. హరి లోపలికెక్కి సీటు వెనక పలక ఊడదీశాడు. స్క్రూ మొన రేకులోంచి దూసుకొచ్చి, మెలిపెట్టిన ఆ రెండు వైర్ల మధ్య దిగబడి ఉంది. ఒక చుట్టు తిప్పితే మొన పక్కకు జరిగేది. బండి అదిరితే మళ్లీ ఆనుకునేది. ఈసారి తిప్పిన తిప్పుడికి రెండింటినీ చీల్చుకుని కూర్చుంది.

“సామీ!” అని నెత్తి కొట్టుకున్నాడు హరి. “బండికి జబ్బు లేదు బావా. నువ్వేసిన మందే జబ్బు!”

స్క్రూ విప్పి, బొమ్మను సీటు పక్కన పడేసి, వైర్లు విడదీసి టేపు చుట్టారు. మీటరు అరవై చూపించింది. ప్లగ్గులు, బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే ఎర్ర అక్షరాలు మాయం. మాల్యాద్రి లివర్లు తోయగానే బండి బురద చిమ్ముకుంటూ కదిలింది. అప్పటికే నీళ్లు చైన్ల సగానికి వచ్చేశాయి. హరి మెట్టు మీద వేలాడుతూ “పోనీ బావా, పోనీ!” అని ఒకటే కేకలు. కట్టెక్కి చూసుకుంటే వెనక అంతా నీళ్లే. మాల్యాద్రికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

హరి బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. “ఇంతకీ ఎవురి కన్ను పడిందని పెట్టినావు?”

మా అమ్మ పెట్టమందని అనేసి ఊరుకోవచ్చు. బండిని కాపాడిన మనిషి ముందు అబద్ధం చెప్పడానికి మాల్యాద్రికి నోరు రాలేదు.

“నీ కన్నేరా. బండి కొన్న వారంలో మా ఇంటి ముందుకొచ్చి, పలకరించకుండా, దాన్ని కిందినుంచి పైదాకా చూసి పోతివే. అందుకు.”

హరి మొహం చిన్నబోయింది. బొమ్మను మెట్టు మీద పెట్టాడు.

“చూసినాను బావా. మా బావ బండి గదా, చూసుకుందామని వచ్చినాను. లోపలికి రమ్మంటావేమోనని నిలబడినాను.”

మాల్యాద్రి ఆ రోజు కిటికీ చాటునుంచి అంతా చూశాడు. పిలవాలన్న ఆలోచనే రాలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. సీట్లోంచి దిగి, తాళం హరి చేతిలో పెట్టాడు.

“ఎక్కరా. ఊళ్లోదాకా నువ్వే తోలు.”

హరి కట్ట మీద చెప్పులు విడిచి, లోపలికెక్కాడు.