అన్సెల్మో నిద్రమాత్ర

నిద్రమాత్రలను పొడి చేసి, నీళ్ళలో కలిపి, మా కళ్ళముందే తాగించాలని కొత్త డాక్టరమ్మ విల్యారుస్ ఆజ్ఞ. ఖైదీలు వాటిని నాలుక కింద దాచి, లోపల చేతులు మారుస్తున్నారని ఆమె అనుమానం. మనీలా శివార్లలోని ఈ జైల్లో నర్సుగా తల నెరిసిన దాన్ని, అది నిజమేనని నాకూ తెలుసు. మొన్నటికి మొన్న ఒకడు అలా పోగేసిన మాత్రలు గుప్పెడు మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. దాంతో నా చేతికి కల్వం వచ్చింది.

తొలిరోజు వరసలో ఆ కల్వం చూసి మాంగ్ అన్సెల్మో బిక్కచచ్చిపోయాడు. పెద్దవాడు కాబట్టి అందరూ 'మాంగ్' అని గౌరవంగా పిలుస్తారు. కేసు తేలక ఏళ్ళుగా ఇక్కడే మగ్గుతున్నాడు. ములాఖత్ రోజున ఆయన పేరు పిలవగా నేనెప్పుడూ వినలేదు.

"నాది నలక్కొట్టకు మేడమ్. గొంతు దిగదు."

"నీళ్ళు కూడా దిగవా? నాకు చెప్పకు కథలు. తాగు."

"లోపలికెళ్ళి తాగుతాలే..."

"ఇక్కడే. ఏదీ, నోరు తెరువు!"

తాగాడు. వరస ఇంకా అవకముందే వరండాలో గోడకి చేరగిలబడి సోలిపోయాడు. గార్డులు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏళ్ళుగా ఆ మాత్ర వేసుకునే మనిషి అంత తేలిగ్గా సోలిపోడు. అంటే ఆయన దాన్ని ఎన్నడూ మింగలేదన్నమాట.

ఎవరికిచ్చేవాడివని మర్నాడు నిలదీశాను. "మా గది మేయర్‌కి," అన్నాడు తల దించుకుని.

ప్రతి గదికీ ఖైదీలే ఒక మేయర్‌ని పెట్టుకుంటారు. కాళ్ళు చాపే చోటుండదు కాబట్టి వంతులేసుకుని పడుకుంటారు. ఎవరి వంతెప్పుడో మేయర్‌దే మాట. అడోబో మాంసం కూరో సిగరెట్లో ముట్టజెప్పినవాళ్ళకి వంతు ఖాయం. అవన్నీ ఇంటివాళ్ళు తెచ్చేవి. ఇంటివాళ్ళెవరూ రాని అన్సెల్మో తన మాత్ర ఇచ్చేవాడు.

"మరిప్పుడు ఎక్కడ పడుకుంటున్నావ్?"

"పడుకోడమా! దొడ్డి పక్కన గొంతుక్కూచుంటన్నా. ఎవడొచ్చినా లేవాలి. ఇప్పుడు నిజంగానే నిద్రలేదు మేడమ్."

మేయర్‌ని పిలిపించి కోప్పడ్డాను. "ఆయనకి ఊరికే ఇస్తే మిగతావాళ్ళు నన్ను బతకనిస్తారా మేడమ్? ఏదో ఒకటి తెమ్మనండి," అన్నాడు వాడు.

డాక్టరమ్మకీ చెప్పాను. చెడ్డమనిషేం కాదు, పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "మాత్రతో చోటు రాదు కదా. కూర్చున్నవాడికి మత్తెక్కిస్తే పడి తల పగలగొట్టుకుంటాడు," అని ఆయన మాత్ర ఆపేసింది. గది మార్చమని వార్డెన్‌కి చెప్పింది గానీ, ఏ గదిలో మాత్రం చోటుంది? ఆమె అన్నది సబబే. నాకే మింగుడుపడలేదు.

కొన్నాళ్ళకి బీపీ చూడమని వచ్చాడు. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుండగానే నా బల్ల మీద తల వాల్చేశాడు. వెనకవాళ్ళు గొణిగారు.

"ఆగండ్రా, మిషన్ మొరాయించింది," అని అబద్ధమాడాను. ఆయన ఒళ్ళెరగని నిద్ర చూస్తుంటే ఏడుపొచ్చింది. ఇంత పెద్ద జైల్లో ఈయనకి నా బల్ల అంచు తప్ప ఏమీ లేదు.

కాసేపటికి గార్డు వచ్చి లోపలికి పంపమన్నాడు. భుజం తట్టాను. లేవలేదు. గట్టిగా కుదిపాను.

అన్సెల్మో కళ్ళు తెరవకుండానే కాళ్ళు ముడుచుకుని, ఎవరికో చోటిస్తున్నట్టు పక్కకి జరిగాడు. "నా వంతైపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది పెద్దాయనా," అన్నాను.