గుట్టెక్కిన రన్‌వే

నేను ఒక జత అంకెలను. అక్షాంశం పదిహేను డిగ్రీల నలభై ఎనిమిది నిమిషాలు, రేఖాంశం డెబ్బై తొమ్మిది డిగ్రీల ఇరవై తొమ్మిది నిమిషాలు. పేరు పొడుగే గాని నా చోటు చిన్నది: చిలకలమెట్ట రన్‌వే నడిమధ్య. పొలాలకు మందు చల్లే విమానాల కోసం వేసిన రన్‌వే అది.

నన్ను పుట్టించింది సర్వేయర్ దయామణి. మూడు వారాలు ఎండలో మాడిపోతూ కోణాలు కొలిచి, రన్‌వే నడుమ నేలమట్టంగా ఒక రాయి పాతించి, నన్ను తన ఫీల్డ్ బుక్కులో పెన్సిలుతో రాసుకుంది. ఆడమనిషి కొలత కదా అని ఆఫీసులో మగవాళ్ళు ఇద్దరు వెళ్ళి మళ్ళీ కొలిచారు. నేను అంగుళం కదలలేదు. వాళ్ళ ముఖాలు చూసి తీరాలి.

ముప్పై ఏళ్ళు గడిచాయి. ఆమె దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన ఖలీల్ బాషాకు కంప్యూటర్లో విమానాలు నడిపే పిచ్చి పట్టుకుంది. ఆ ఆటలో ఎక్కడెక్కడి విమానాశ్రయాలో ఉన్నాయి, చిలకలమెట్ట మాత్రం లేదు. ఆయనకు అభిమానం పొంగింది. ఆమె ఫీల్డ్ బుక్కు అడిగి తెచ్చుకుని నన్ను స్వయంగా ఆ ఆటలోకి ఎక్కించాడు. అలా నేను లోకానికి తెలిశాను, అసలు చోటికి నలభై కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట నెత్తిన!

ఆటలో అక్కడ దిగబోయిన ప్రతివాడూ బోల్తా పడి ఫిర్యాదు రాశాడు. బాషా దయామణికి ఫోన్ చేశాడు.

"అప్పటి పనిముట్లు అట్టాంటివి మేడమ్. మీ తప్పేం లేదులెండి."

ఆ ఓదార్పుకు ఆమె ఒళ్ళు మండిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో ఆటో కట్టించుకుని చిలకలమెట్ట వెళ్ళింది. విమానాలు మానేసి చాలాకాలమైంది, రన్‌వే నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు దగ్గుతూ వెళ్ళి, తన రాయి మీద ఫోను పెట్టింది. పదిహేను పాయింట్ ఎనిమిది అని చూపించింది ఫోను. అక్కణ్ణుంచి నేరుగా బాషా ఇంటికి పోయింది.

"నువ్వేం కొట్టావయ్యా ఈ కంప్యూటర్లో?"

"మీరు రాసిందే మేడమ్. పదిహేను పాయింట్ నలభై ఎనిమిది."

"డిగ్రీకి నిమిషాలెన్ని?"

"అరవై..."

"మరి నువ్వు వంద లెక్కన కొట్టావేంది? నలభై ఎనిమిది నిమిషాలంటే పాయింట్ ఎనిమిది గదా!"

బాషా నన్ను దిద్దాడు. విమానం రన్‌వే నడిమధ్యన మెత్తగా దిగింది. దయామణి కళ్ళు తుడుచుకుంది. ఆమె చీరకంటిన మిరప ఘాటని బాషా అనుకున్నాడు. కాదని నాకు తెలుసు.

'సరిచేసినవారు' అన్న గడిలో ఆమె పేరు కొట్టబోయాడు పాపం.

"అక్కడ నీ పేరు పెట్టుకో," అందామె. "నేను సరిచెయ్యలా. కొలిచా."