లేని మేనేజరమ్మకు బహుమతి

గేటు మీద కట్టిన టార్పాలిన్ బ్యానర్ చూడగానే రొవేనా ఆగిపోయింది. ‘స్వాగతం మేడమ్ హీథర్! అభినందనలు మిసెస్ కాథరిన్, ఈ ఏటి మేటి మేనేజర్!’ హీథర్ ఫొటో నిలువెత్తున వేశారు. కాథరిన్ ఫొటో ఉండాల్సిన చోట మాత్రం ఓ పూలగుత్తి బొమ్మ ఉంది.

"కంగ్రాట్స్ బాస్!" అన్నాడు గార్డు తిబో, తనిఖీకని ఆమె బ్యాగులోకి కర్ర పెట్టి కెలుకుతూ.

"నాకెందుకు బాస్ కంగ్రాట్స్?"

"నాకు తెలీదనుకున్నావా? ఎన్నేళ్ల నుంచో ఈ గేటు కాస్తున్నా. ఆ కాథరిన్ ఒక్కతే ఒక్కసారీ లోపలికి రాలేదు, బయటికి పోలేదు."

ఫిలిప్పీన్స్‌లోని ఈ ఇలోయిలోలో గార్డూ బాసే, జీప్నీ బండి డ్రైవరూ బాసే, బాచోయ్ నూడుల్స్ గిన్నెలో ఇంకో గరిటె చారు పోసేవాడూ బాసే. ఈ ఊళ్లో బాస్ అనిపించుకోనివాడు ఎవడైనా ఉంటే ఆఫీసులో కూర్చున్న అసలు బాసే. ఆయన్ని మాత్రం అందరూ ‘సర్’ అంటారు.

కాథరిన్ అనే మనిషి లేదు. ఆస్ట్రేలియాలో సెలవులకు ఇళ్లు అద్దెకిచ్చే కంపెనీ ఫోన్లు ఇక్కడి కాల్ సెంటర్‌కొస్తాయి. అవతలివాడు కోపంతో ఊగిపోతూ "నీతో కాదు, మేనేజర్ని పిలువు!" అంటాడు. ప్రతివాడికీ మేనేజర్ని పిలిస్తే ఆయన భోజనం చేసేదెప్పుడు? అందుకని మ్యూట్ నొక్కి, హెడ్‌సెట్ తీసి పక్క సీటుకు అందిస్తారు. పక్క సీటు గొంతు సవరించుకుని, "మిసెస్ కాథరిన్ మాట్లాడుతున్నాను" అంటుంది. ఎప్పుడో ఎవరో పెట్టిన పేరు అది. పెట్టినవాళ్లెవరో కూడా ఎవరికీ తెలియదు. ఆ వేషం రొవేనా కట్టినట్టు ఇంకెవరూ కట్టలేరని మాత్రం ఫ్లోరంతా ఒప్పుకుంటుంది.

కొత్తగా చేరిన ఛెరిల్‌కు ఆమే పాఠం చెప్పింది. "సూపర్‌వైజర్‌వి కావాలంటే గబగబా మాట్లాడు, వెనకాల ఇంకో పదిమంది నీకోసం ఏడుస్తున్నట్టు. మేనేజర్‌వైతే నెమ్మదిగా, అప్పుడే కాఫీ తాగొచ్చినట్టు. డైరెక్టర్‌వైతే అసలు మాట్లాడకు. ‘ఊఁ’ అను చాలు. వాడికే భయమేస్తుంది."

"మరి లీడరయితే, మనాంగ్?" అంది ఛెరిల్. మనాంగ్ అంటే అక్కడ అక్క అని.

"ఆ వేషం ఎవరూ అడగలేదే ఇంతవరకూ!"

నవ్వులాట నవ్వులాటగా ఉండాల్సింది, కొంప ముంచింది. కాథరిన్‌ను మెచ్చుకుంటూ వచ్చిన సందేశాలు సిడ్నీలో పోగుపడ్డాయి. కంపెనీ పెద్దావిడ హీథర్ బహుమతి పలకతో సహా స్వయంగా బయల్దేరింది. అదే రోజు టీమ్ లీడర్ పోస్టుకు ఇంటర్వ్యూలు కూడా ఆవిడే చేస్తుందట. రొవేనా ఆ పోస్టుకు ఇదివరకు రెండుసార్లు వెళ్లి, ‘నాయకత్వ లక్షణాలు చాలవు’ అనిపించుకుని వచ్చింది. ఈసారి కూడా పోతే ఇక అడగనని ఇంట్లో చెప్పేసింది. తానే కాథరిన్నని ఒప్పుకుంటే పోస్టు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడుతుంది. వేరేవాళ్లలా నటించడం ఈ పనిలో క్షమించరాని తప్పు.

"బాస్ వెనకనుంచి తోలతాడు, లీడర్ ముందు నడుస్తాడు, మేనేజర్ పనిని చూస్తాడు, సూపర్‌వైజర్ పనివాళ్లని చూస్తాడు..." అని లిఫ్టులో గొణుక్కుంటూ పైకి వెళ్లింది. ఇంటర్వ్యూకని నేర్చుకున్న ఆ ముక్కలు ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

ఫ్లోరు మీద పెళ్లివారి హడావిడి. బిస్కోచో రస్కుల డబ్బాలు, బెలూన్లు, అందరి ముఖాలకూ పౌడరు. మేనేజర్ రొమ్మెల్ సర్ ఒక్కడే ముఖం పాలిపోయి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కాథరిన్ సెలవులో ఉందని చెప్తా," అన్నాడు గుసగుసగా.

"ఆవిడకి ఒంట్లో బాలేదని చెప్పండి సర్," అన్నాడు పక్క సీటు జెపోయ్. "లేకపోతే చంపేద్దాం. చందాలేసుకుని పూలు కూడా పంపిద్దాం."

"నోర్ముయ్‌రా!"

ఇలోంగో భాష మాట్లాడే ఈ ఊరివాళ్లు తిట్టినా జోలపాట పాడినట్టే ఉంటుంది కాబట్టి ఆ తిట్టు ఎవరికీ తగల్లేదు. అందరూ కిసుక్కున నవ్వారు. అంతలో తలుపు తెరుచుకుంది. హీథర్ లోపలికొచ్చింది. పొడుగు మనిషి, చెదరని నవ్వు. చేతిలో మెరిసే పలక.

"మరి, నా కాథరిన్ ఏది?"

రొమ్మెల్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఛెరిల్ సీట్లోంచి లేచి నిలబడింది. హెడ్‌సెట్ రొమ్మెల్ వైపు చాచింది.

"సర్... మేనేజర్ కావాలంటున్నాడు. అరుస్తున్నాడు సర్. పిల్లలతో వానలో ఉన్నాడట, ఇంటి తాళం తెరుచుకోవట్లేదట."

అసలు మేనేజరు అక్కడే ఉండగా, పెద్దావిడ చూస్తూ ఉండగా, వేషం ఎవరు కడతారు? రొమ్మెల్ హెడ్‌సెట్ తీసుకున్నాడు. "సర్, నేను మేనేజర్ని. తాళం సమస్యల్ని మా నిబంధన ప్రకారం రేపటిలోగా..." అని మొదలుపెట్టాడో లేదో అవతలి అరుపు చుట్టుపక్కల సీట్లకు కూడా వినిపించింది. "రేపా? మా అమ్మాయి చలికి వణికిపోతోంది! నీ పైవాడెవడో వాడికివ్వు ఫోను!"

రొమ్మెల్ ముఖం చెమటతో తడిసిపోయింది. అప్పుడు అతని బొటనవేలు, ఏళ్ల నాటి అలవాటు కాబోలు, దానంతటదే మ్యూట్ నొక్కింది. తల పక్కకు తిప్పి, హెడ్‌సెట్ చాచి, "కాథరిన్!" అన్నాడు.

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. జెపోయ్ కళ్లు మూసుకున్నాడు. హీథర్ నవ్వు చెదిరింది. ఆమె చూపు ఆ హెడ్‌సెట్ వెంటే వెళ్లి రొవేనా దగ్గర ఆగింది.

రొవేనా చేయి చాపి అందుకుంది. భయం ఎంతుందో ఉత్సాహమూ అంతే ఉంది. హెడ్‌సెట్ తగిలించుకుంది. కాథరిన్ గొంతు, ఆ కాఫీ తాగిన గొంతు, నాలుక చివరిదాకా వచ్చింది. అవతల ఓ చిన్నపిల్ల ఏడుపు వినిపించింది. ఆ గొంతు వెనక్కి పోయింది.

"సర్, నేను మేనేజర్ని కాదు. ఆయన పైమనిషినీ కాదు. నా పేరు రొవేనా, ఫోన్లెత్తే మనిషిని. కానీ మీరు ఇంట్లోకి అడుగుపెట్టేదాకా ఈ ఫోను పెట్టను. పాపని ముందు వసారాలోకి తీసుకెళ్లండి. వెళ్లారా? పాప పేరేంటి?"

అవతల అరుపు ఆగిపోయింది. "... ఐవీ," అన్నాడు.

రొవేనా మ్యూట్ నొక్కి రొమ్మెల్ వైపు తిరిగింది. "సర్, ఇంటి ఓనర్‌కి మనం ఫోన్ చెయ్యకూడదు, మీరు ఒప్పుకుంటే తప్ప. చెయ్యనా?"

కాథరిన్‌గా ఆమె వందలమందికి నచ్చజెప్పింది. ఎవరికీ ఏదీ ఇవ్వలేకపోయింది. ‘సరే’ అనే అధికారం ఆమెకు ఎప్పుడూ లేదు. అది ఉన్న మనిషి ఇప్పుడు పెద్దావిడ వైపు చూశాడు, నిబంధనల కాగితం వైపు చూశాడు.

"చెయ్యి," అన్నాడు రొమ్మెల్. "మాట వస్తే నా మీదకి రానీ."

జెపోయ్ అప్పటికే నంబరు కలుపుతున్నాడు. ఓనర్ ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. ఫ్లోరంతా లేచి నిలబడింది. రొవేనా ఐవీతో కప్పల గురించి మాట్లాడుతోంది, వానలో అరిచే కప్పల్ని చూశావా అని. "ఎత్తాడు!" అని జెపోయ్ కేకేశాడు. తాళం అంకెలు ఒక నోటి నుంచి ఇంకో నోటికి పరిగెత్తాయి. చెవిలో ‘క్లిక్’ మంది. ఐవీ కేరింత కొట్టింది. ఆ కేరింత అందుకుని ఫ్లోరు ఫ్లోరంతా గోల గోలగా చప్పట్లు కొట్టింది. జెపోయ్ ఓ బెలూన్ పగలగొట్టాడు.

హీథర్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. పలకను బల్ల మీద పెట్టింది.

"కాథరిన్ లేదు, అంతేనా?"

"లేదు మేడమ్," అంది రొవేనా. "ఎక్కువసార్లు ఆ గొంతు నాదే."

"మొదట నేను," అన్నాడు రొమ్మెల్. అందరూ గిరుక్కున తిరిగారు. "ఆ సీట్లో కూర్చున్న రోజుల్లో ఆ పేరు పెట్టింది నేనే మేడమ్. అప్పుడు నా గొంతు ఇంకా సన్నగా ఉండేది. మేనేజరయ్యాక ఆపెయ్యాల్సింది. ఆపలేదు. ఫోన్లు నా దాకా రాకపోవడం నాకు హాయిగా ఉండేది. తప్పు నాది, ఈ అమ్మాయిది కాదు."

ఆ మాటకు రొవేనాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన్ని బాస్ అని పిలవాలనిపించింది.

హీథర్ కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. "దీని గురించి నువ్వూ నేనూ తర్వాత మాట్లాడాలి రొమ్మెల్. అది తీయగా ఉండదు." ఆపైన రొవేనా వైపు తిరిగింది. "నీ ఇంటర్వ్యూ ఇప్పుడే. బాస్, మేనేజర్, సూపర్‌వైజర్, లీడర్, వీళ్ల మధ్య తేడా ఏంటి?"

బట్టీపట్టిన ముక్కలన్నీ ఎటో ఎగిరిపోయాయి.

"మిగతావాళ్ల గొంతులు నాకొచ్చు మేడమ్," అంది రొవేనా. "లీడర్ది రాదు. దానికి వేషం లేదు. అక్కడ సొంత పేరు చెప్పుకోవాలి."

హీథర్ "ఊఁ," అంది.

వారం గడవకముందే గేటు మీది టార్పాలిన్ మారింది. ఈసారి పూలగుత్తి చోట రొవేనా నిజం ఫొటో ఉంది, కళ్లు సగం మూసుకుపోయి, కింద ‘కొత్త టీమ్ లీడర్’ అని. ఆ పొద్దున్నే ఛెరిల్ మ్యూట్ నొక్కి, హెడ్‌సెట్ చాచింది.

"మనాంగ్, పెద్దవాళ్లెవరైనా కావాలంటున్నాడు. ఎవరని చెప్పను?"

"రొవేనా అని చెప్పు," అంది ఆమె, చేయి చాపుతూ.