లోకల్ సముద్రం

ఈ ఉదయం మా ఊరి సముద్రాన్ని వెనక్కి జరుపుతున్నారు. కొత్త ఫ్యాక్టరీ గోడ నీళ్లకు మరీ దగ్గరగా ఉందట. మధ్యలో దూరం ఉండాలని చట్టం. గోడ కట్టేశారు కాబట్టి సముద్రానికి తాళ్లు బిగించి లాగుతున్నారు. అది మొండికేయడం లేదు. చాపలా చుట్టుకుంటూ పోతోంది.

నా భర్త పోలారావు పడవ ఇసుకలో మిగిలిపోయింది. అతను దిగడు. ఇసుకలోనే తెడ్డు వేస్తున్నాడు.

"దిగు, అన్నం తిందువు గాని," అంటాను.

"నాను దిగితే ఇక్కడ సముద్రమే నేదని రాసేస్తారే, నూకరత్నం."

పడవ కదలదు. అతని చేతులు మాత్రం ముసలివవుతున్నాయి. ముఖం పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది.

నాకు ఒళ్లు మండిపోతుంది. అన్నం గిన్నె అతని పక్కన పెట్టి, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తాను. నిన్నటి వరకూ అలలున్న చోటే షామియానా వేశారు. కుర్చీల కింద రొయ్యలు ఇంకా ఎగురుతున్నాయి.

కాలుష్యం సంగతి చూసే అధికారి వామనమూర్తి గారు నాకు కుర్చీ వేయిస్తారు.

"గోడని జరపాల గానీ సముద్రాన్ని జరుపుతారా, బాబూ?"

"వాళ్లు విదేశం నుంచి పెట్టుబడి పట్టుకొచ్చారమ్మా. జరగమంటే పక్క రాష్ట్రానికి పోతారు. సముద్రం లోకలే కదా. ఎక్కడికి పోతుంది?"

"మరి మా చేపల ఏట?"

"సముద్రం జరిగింది గానీ చట్టం అంగుళమైనా జరగలేదు. అది మీరు గమనించాలి."

గుమాస్తాలు బుట్టలతో వరసగా వస్తున్నారు. ఎవరైనా అభిప్రాయం చెప్పగానే అది నోట్లోంచి బుట్టలో రాలుతుంది. మూత వేసేస్తారు. ఇచ్చినవాళ్లకు ఇక ఆ మాట గుర్తుండదు. నా ఆడపడుచు బంగారి ఇప్పుడే ఇచ్చేసింది.

"మనం ఏటికొచ్చాం, వదినా?" అని నన్నడుగుతోంది.

"మీదీ ఇచ్చేయండమ్మా. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి," అంటారు వామనమూర్తి గారు.

"వద్దు," అంటాను.

ఆ మాట చాటంత వెడల్పు, కొరడాలాంటి తోక ఉన్న టేకు చేపలా నా నోట్లోంచి జారి ఆయన బల్ల మీద పడుతుంది. తోక నా పిడికిట్లోనే ఉంది. నేను వదలను. అందుకే ఆ మాట నాకింకా గుర్తుంది. గుమాస్తా ఇంకా పెద్ద బుట్ట తెస్తాడు. అందులోనూ పట్టదు.

"ఇవ్వనన్నది తీసుకోకండి. నా మాట నాకాడే ఉంటాది. మీరు చూడాల, అంతే."

బుట్టల మూతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. "వద్దు," అంటుంది బంగారి, నిద్రలో దాహం గుర్తొచ్చినట్టు. వెనక వరసలో ఆడవాళ్లు అందుకుంటారు. కుర్చీల కింద తడి పైకి పాకి షామియానా గుడ్డ బరువెక్కుతోంది. దానికి రెండు పక్కలా చేప మొప్పలు విచ్చుకుంటున్నాయి.

"ఇది రూల్సులో లేదు," అంటారు వామనమూర్తి గారు. కుర్చీ ఎక్కి నిలబడతారు.

షామియానా మమ్మల్నందరినీ కడుపులో పెట్టుకొని నేల మీంచి లేస్తుంది. మెల్లగా ఫ్యాక్టరీ వైపు తల తిప్పి నోరు తెరుస్తుంది. లోపలికి వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులో గోడ మెత్తగా, బాగా ఉడికినట్టు కనిపిస్తోంది.