తెర మీద డెబ్బై

నర్సు కళావతికి కోపం వచ్చి పదకొండు రోజులైంది. డాక్టర్ వెంకట్రాజం నర్సింగ్ హోమ్‌లో గుండె మిషను దిగిన నాటి నుంచి ఆ కోపం నివురు కింద నిప్పులా ఆరకుండా ఉంది.

అది చిన్న టీవీ లాంటి పెట్టె. రోగి ఛాతీకి మూడు తీగలు అంటిస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద పచ్చటి గీత ఎగిరి పడుతుంది. పక్కన నిమిషానికి ఎన్నిసార్లో అంకె కనిపిస్తుంది. హన్మకొండలో టీవీ ఉన్న ఇంటికే జనం వెళ్లి కూర్చునే రోజులు. ఇక గుండెనే చూపించే టీవీ అంటే చెప్పాలా? డాక్టరు దానికి కుంకుమ పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, తెలిసినవాళ్లందరినీ చెప్పులు విప్పించి మరీ ఆపరేషన్ థియేటర్లోకి తీసుకొచ్చి చూపించాడు.

అంతటితో ఆగితే కళావతికి పేచీ లేదు. ఆయన బీపీ పట్టీ తీసేయించాడు.

పద్నాలుగేళ్లుగా అక్కడ పద్ధతి ఒకటే. రోగి కుడి చెయ్యి ఒక పలక మీద చాపి ఉంటుంది. జబ్బకు పట్టీ, మణికట్టు మీద కళావతి మూడు వేళ్లు. ఐదు నిమిషాలకోసారి బీపీ ఎంతో, నాడి ఎంతో పైకి చెప్పి కాగితం మీద వేసేది. మిషను వచ్చిన మర్నాడే డాక్టరు ఆ పలక పీకించి, రోగి చేతులు రెండూ ఒంటి పక్కన దుప్పటి కింద కట్టించాడు.

"గుండెనే కండ్ల ముందు కనవడుతుంటే ఇంక చెయ్యి పట్టుకునుడెందుకు సిస్టర్? ఆ పలక నా కాళ్లకు అడ్డం."

"మా నాయన బాయికాడ మోటరుకు ఎర్రలైటు ఉంటది సార్," అంది కళావతి. "కరెంటు ఉంటే ఎలుగుతది. బాయిల నీళ్లు లేకున్నా ఎలుగుతది. లైటు జూసి మడి పారిందంటే అయితదా?"

వెంకట్రాజం మత్తు డాక్టరు ఆజం వైపు తిరిగి కన్నుగీటాడు. "ఇన్నవా ఆజం, మన సిస్టర్ పట్నం పోయి మెషిన్లు చేసినోళ్లకు పాఠం చెప్తదట."

ఆజం నవ్వాడు. చెడ్డవాడు కాదు, చెయ్యి తిరిగినవాడు. కాని నవ్వాడు. ఆ నవ్వును కళావతి ఇంటికి తీసుకుపోయి, అన్నం వండుతూ, బట్టలు మడత పెడుతూ పదకొండు రోజులు మోసింది.

పన్నెండో రోజు ఉదయం ధర్మసాగర్ నుంచి చిలుకమ్మ వచ్చింది. నాట్లు వేసుకుని బతికే మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు. ఆరు నెలలుగా ఆగని నెత్తురు వల్ల గర్భసంచి తీయించుకోవడానికి ఒప్పుకుంది. బల్ల మీద తీగలు అంటిస్తుంటే తల తిప్పి తెర చూసింది.

"అక్కా, గదేనా నా గుండె? గట్ల దుంకుతాందేంది?"

"భయపడ్డవు గద, అందుకే."

"మా సారయ్యను జర పిలువరాదు. పెండ్లయి ఇరవై ఏండ్లాయె, నాకు గుండె లేదంటడు. సూసిపోతడు."

కళావతికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే ఆజం మత్తు ఎక్కించాడు.

ముప్పావు గంట దాకా అంతా సాఫీగానే జరిగింది. తర్వాత నెత్తురు పీల్చే గొట్టం చప్పుడు మారింది. గురగురమంటూ ఆగకుండా లాగుతోంది. బల్ల కింద సీసా సగం దాటింది. తడిసిన గుడ్డలు లెక్కపెట్టి పడేయడం కళావతి పని. పదిహేడో గుడ్డ చేతికి బరువుగా తగిలింది.

తెర మీద అంకె తొంభై నుంచి నూట ముప్పైకి ఎక్కింది.

"నొప్పి తెలుస్తున్నట్టున్నది," అని ఆజం మత్తు ఇంకాస్త పెంచాడు.

"సార్, నొప్పి కాదు, నెత్తురు బాగా పోతాంది. ఒకసారి బీపీ చూస్త."

"చెయ్యి లోపల కట్టి ఉన్నది. ఇప్పుడు దుప్పట్లు లేపుతె ఇన్ఫెక్షన్ ఎవరికి? నీకా, నాకా?" అన్నాడు వెంకట్రాజం తల ఎత్తకుండా. "ఒక రక్తనాళం జారింది. దొరుకుతది."

రెండు నిమిషాలు. అంకె దిగడం మొదలైంది. నూట పది. తొంభై. డెబ్బై. అక్కడ నిలిచింది. పచ్చటి గీత చక్కగా, బడిపిల్ల రాసిన కొమ్ముల్లా వరుసగా నడుస్తోంది.

"చూసినవా? డెబ్బై," అన్నాడు వెంకట్రాజం. "నాకన్న మంచిగున్నది ఆమె గుండె."

కళావతి తెర చూడలేదు. చిలుకమ్మ చెవి చూసింది. కమ్మ కింద తోలు మైనంలా పాలిపోయి ఉంది. పెదవులు బూడిద రంగు. అంత పరుగెత్తిన గుండె, నెత్తురు ఇంకా పోతుండగా, పోయింది తిరిగి ఎక్కించకుండా, దానంతటది నెమ్మదించిందంటే ఒకటే అర్థం. ఓపిక అయిపోయింది.

ఆమె పక్కనుంచి దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది. వేళ్లు జరిపి చూసింది, గట్టిగా నొక్కి చూసింది, వదులు చేసి చూసింది. ఏమీ లేదు.

"నాడి లేదు సార్."

"డెబ్బై కొట్టుకుంటాంది, నాడి లేదంటవేంది? చెయ్యి తియ్ అండ్ల నుంచి."

ఆజం కూడా తెరనే చూస్తున్నాడు. థియేటర్లో ఉన్న అందరూ తెరనే చూస్తున్నారు. బల్ల మీద మనిషి చచ్చిపోతుంటే ఒక్కరి చూపూ మనిషి మీద లేదు. పదకొండు రోజుల కోపం ఇక కళావతిని నిలబడనివ్వలేదు. ఆమె రెండడుగులు వేసి మిషను స్విచ్ కట్టేసింది.

తెర నల్లబడింది.

"ఏయ్," అన్నాడు వెంకట్రాజం.

"ఇప్పుడు ఆమెను చూడుండ్రి," అంది కళావతి. "ఇంకేం లేదు చూసెతందుకు."

ఆజం చెయ్యి, చూడడానికి మరేమీ మిగలక, చిలుకమ్మ మెడ మీదికి పోయింది. రెండు క్షణాలు. అతని ముఖం మారిపోయింది. మత్తు కట్టేసి ఆక్సిజన్ పూర్తిగా తిప్పాడు.

"ప్రెషర్ లేదు. మెడల కూడ నాడి దారం పోగంత ఉన్నది, గంతే. డాక్టర్ సాబ్, కుట్లు ఆపుండ్రి, పిడికిలితోని పెద్ద రక్తనాళం నొక్కి పట్టుండ్రి. సిస్టర్, తలదిక్కు దించు. బ్లడ్ తే."

వెంకట్రాజం లోపల పిడికిలి అదిమి పట్టాడు. కళావతి తలవైపు బల్ల దించి, ఫ్రిజ్‌లో ఉన్న ఒక్క సీసా రక్తం తెచ్చి ఎక్కించింది. చెయ్యి విప్పి, పట్టీ చుట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంది. మొదటిసారి ఏమీ వినబడలేదు. రెండోసారీ లేదు. మూడోసారి, యాభై దగ్గర, ఎక్కడో దూరాన తలుపు తట్టినట్టు చప్పుడు.

"యాభై," అంది. ఐదు నిమిషాలాగి, "అరవై." వెంకట్రాజం జారిన నాళం పట్టి కట్టేసరికి ఎనభై. మిషను మళ్లీ వేయమని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం వసారాలో వెంకట్రాజం సారయ్యతో మాట్లాడుతున్నాడు. రెండో సీసాకు నెత్తురిచ్చిన సారయ్య మోచెయ్యి మడిచి దూది అదిమి పట్టుకున్నాడు.

"కొద్దిగ కష్టమైంది. ఆ మిషను ఉండబట్టి దక్కింది నీ భార్య."

సారయ్య దూది జారకుండానే రెండు చేతులూ కలిపి థియేటరు తలుపుకు దండం పెట్టాడు. కళావతి చూసింది. కేసు కాగితం తీసుకుని నిలబడే రాసింది. పదీ యాభైకి తెర మీద నూట ముప్పై, బీపీ చూడలేదు. చూస్తానని అడిగాను, వద్దన్నారు. పదీ యాభై రెండుకు తెర మీద డెబ్బై, చేతిలో నాడి లేదు. మిషను నేనే కట్టేశాను.

వెంకట్రాజం చదివాడు. "ఇదంతెందుకు? కొట్టెయ్."

"మీరు కొట్టెయ్యుండ్రి సార్. కొట్టేసి కింద సంతకం పెట్టుండ్రి."

"నౌకరి వద్దా?"

"కావాలె. ఇద్దరు పిల్లలున్నరు నాకు. కాని ఆమెకు ముగ్గురున్నరు."

అక్కడే చేతులు తుడుచుకుంటున్న ఆజం వచ్చి, జేబులోంచి పెన్ను తీసి, ఆమె రాసిన దాని కింద తన సంతకం చేశాడు. ఆమె వైపు చూడలేదు. "నేను నవ్వకుండ ఉండాల్సింది," అని వెళ్లిపోయాడు.

వెంకట్రాజం కాగితం బల్ల మీద పడేశాడు. "రేపటి కేసుకు ఆ పట్టీ కట్టు," అన్నాడు, అదేదో తనకే తట్టినట్టు. తప్పయిందన్న మాట ఆమెతో అనలేదు. చిలుకమ్మ మొగుడితో అసలే అనలేదు. అందుకే కళావతి కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలనీ అనుకోలేదు.

కేసు కాగితం తీసి ఫైలులో గుచ్చి వార్డులోకి వెళ్లింది. చిలుకమ్మ మత్తులో మూలుగుతోంది. మామూలుగా నాడిని పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తారు, అందరూ అంతే. కళావతి ఆమె మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, గోడ గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, నిమిషమంతా, ఒక్కొక్కటే లెక్కపెట్టింది.